దిద్దిన కళ్ళు

తాండూరు స్టేషన్ రోడ్డులో ఫోటోల కొట్టు ఎక్కడని అడిగితే, ఆ రోజుల్లో ఎవరైనా సరే ముందు ఒక ఎదురు ప్రశ్న వేసేవారు. "ఎవలు, సచ్చినోళ్ళకు కండ్లు తెరిపిచ్చే మొగులప్పనా?" అని. ఇందులో మంత్రాలూ మాయలూ ఏమీ లేవు, హడలిపోకండి. అది అతని పనితనానికి జనం పెట్టుకున్న ముద్దుపేరు, అంతే.

ఆ కాలంలో కూలినాలి చేసుకునేవాళ్ళకు బతికుండగా ఫోటో ఎక్కడిది? తిండికే కటకటలాడుతుంటే ఫోటో ఒకటా! ప్రాణం పోయాక మాత్రం ఇంటివాళ్ళ గుండె గుభేలుమనేది. రేపు ఈ మొహం మట్టిలో కలిసిపోతుంది, మళ్ళీ చూద్దామంటే ఎక్కడ దొరుకుతుంది? అప్పుడు మొగులప్పకు కబురు వెళ్ళేది. శవానికి స్నానం చేయించి, ఉతికిన ధోతి కట్టి, తలకు రుమాలు చుట్టి, కుర్చీలో కూర్చోబెట్టేవారు. జారిపోకుండా నడుముకు వెనకనుంచి తువ్వాలు కట్టేవారు. పక్కన పెళ్ళాం పిల్లలు వరసగా నిలబడితే మొగులప్ప నల్లగుడ్డలో తల దూర్చి ఫోటో తీసేవాడు. కొట్టుకు వచ్చి కాగితం మీద ఫోటో వేశాక, ఆ మూసిన రెప్పల మీద సన్న కుంచెతో కళ్ళు దిద్దేవాడు. నల్లగుడ్డు, దాని మీద ఆవగింజలో సగమంత తెల్లచుక్క. ఆ చుక్క పడిందా, మనిషి లేచి కూర్చుని "సద్ది కట్టినవా?" అని అడిగేటట్టే ఉండేవాడు. ఫోటో అందుకున్న ఆడవాళ్ళు దాన్ని గుండెకు అదుముకుని ఏడ్చేవారు. మొగులప్ప కూడా పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకునేవాడు. మనిషి మెత్తన. ఆ మెత్తదనమే అతని కొంప ముంచింది, చెప్తాను వినండి.

మొగులప్పది ధారూరు పక్క పల్లె. తండ్రి పటేలు దగ్గర జీతం ఉండేవాడు. కొడుకు నాలుగు ముక్కలు నేర్చుకుంటాడని వికారాబాదులో మిషన్ బడిలో వేశాడు. బడి కంటే, బడి వెనక చీకటి గదిలో ఫోటోలు కడిగే మాస్టరు దగ్గర మొగులప్పకు ఎక్కువ నచ్చింది. ఆ మాస్టరు అనంతగిరి దవాఖానకు వెళ్ళి క్షయరోగుల ఫోటోలు తీసి, ఇళ్ళకు పంపించుకునేందుకు ఇచ్చేవాడు. గుంటలు పడ్డ బుగ్గలను పెన్సిలుతో నిండుగా చేసేవాడు. "గీయన తల్లి గీ ఫోటో చూసి ఇయ్యాల ఇంత బువ్వ తింటది, గంతే మనం చేసేది" అనేవాడు. మొగులప్పకు అది నరనరానా ఎక్కింది. నలభై ఎనిమిదిలో, నిజాం రాజ్యం పోయిన ఏడాది, మాస్టరు సొంతూరికి వెళ్ళిపోతూ తన స్టాండు కెమెరా శిష్యుడి చేతిలో పెట్టాడు. మొగులప్ప దాన్ని నెత్తిన పెట్టుకుని రైలెక్కి తాండూరులో దిగాడు. కొట్టు పెట్టాడు, సత్యమ్మను పెళ్ళి చేసుకున్నాడు, పన్నెండేళ్ళు చల్లగా గడిచిపోయాయి.

తర్వాత కిష్టప్ప పంతులు తగిలాడు. వికారాబాదు బడిలో పాఠాలు చెబుతూ, హైదరాబాదులోని ఒక పత్రికకు వార్తలు రాసి పంపే మనిషి. ముక్కుసూటి. ఒకరోజు చేతిలో పట్టే చిన్న కెమెరా ఒకటి తెచ్చి మొగులప్ప బల్ల మీద పెట్టాడు.

"మొగులప్పా, మీ దిక్కు ఏమన్న జరిగితె తీసి రైలు గార్డు చేతికియ్యి. ఒక్కటి యాదిపెట్టుకో. పేపర్ ఫోటో అంటె పెండ్లిపిల్ల ఫోటో కాదు. ఉన్నది ఉన్నట్టు తియ్యాలె, ఉన్నది ఉన్నట్టు పంపాలె."

"గట్లనే పంతులూ" అన్నాడు మొగులప్ప. ఆ వానాకాలం కాగ్నా వాగులో బస్సు ఇరుక్కుంటే తీసి పంపాడు. పత్రికలో పడింది. కత్తిరించి గోడకు అంటించుకుని రోజుకు పదిసార్లు చూసుకుంటుంటే సత్యమ్మ ఊరుకుంటుందా? "నీ బస్సుకు దండ గిట్ల వెయ్యాల్నా?" అని ఆటపట్టించేది.

అరవై రెండో సంవత్సరం, ఎండాకాలం. తాండూరుకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక నాపరాళ్ళ గనిలో బండ కూలిందని పొద్దున పదిగంటలకు కబురొచ్చింది. మొగులప్ప చిన్న కెమెరా మెడలో వేసుకుని సైకిలెక్కాడు. వెళ్ళేసరికి కూలీలు గుంపుగా నిలబడి ఉన్నారు. బండ కింద పెద్దయ్య ఉన్నాడు.

పెద్దయ్య మొగులప్ప ఎరిగినవాడే. ఇద్దరూ ఆదివారం ఒకే మిషన్ గుడికి వెళ్ళేవారు. అతని భార్య శాంతవ్వ మొగులప్పను అన్నా అని పిలిచేది. అలాంటి మనిషి తల సగం బండ కింద, ఒక చెయ్యి బయట, ఆ చేతిలో ఇంకా ఉలి. మొగులప్ప మొహం పక్కకు తిప్పుకోబోయాడు. అయినా కళ్ళు పనిచేశాయి. పాడు కళ్ళు, అవి ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. పైబండ కూలకుండా గనిలో నడుమ నడుమ రాతి స్తంభాలు వదలాలి. అది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఇక్కడ ఆ స్తంభాన్ని కూడా రాయి కోసం కొట్టించేశారు. దాని మొదలు తెల్లగా, కొత్తగా, పెద్దయ్య చేతి పక్కనే కనబడుతోంది. మొగులప్ప ఆ రెండూ పడేలా ఒక్క ఫోటో తీశాడు.

మధ్యాహ్నానికి శవాన్ని ఇంటికి తెచ్చారు. కడిగారు, రుమాలు చుట్టారు, కుర్చీలో కూర్చోబెట్టారు. మొగులప్ప స్టాండు కెమెరా తెచ్చుకున్నాడు. శాంతవ్వ అతని దగ్గరికి వచ్చింది. గనిలో అతను ఫోటో తీశాడని అప్పటికే ఎవరో చెప్పారు.

"అన్నా, మా ఆయన నిండు మనిషి. గా బండ కింద కుక్క పడ్డట్టు పడ్డది ఎవ్వలకు సూపియ్యకు. ఊరంత సూసి అయ్యో అంటె నేను తట్టుకోలేను. ఆయన కాళ్ళ మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి."

ఏడుస్తున్న ఆడకూతురు అడిగితే మొగులప్ప కాదంటాడా? పెద్దయ్య చల్లటి పాదాల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు.

మర్నాడే గని గుత్తేదారు కథ మొదలుపెట్టాడు. పెద్దయ్య ఆ రోజు పనికే రాలేదట, హాజరు పుస్తకంలో పేరే లేదట, జ్వరంతో ఇంట్లోనే పోయాడట. కూలీలేమో గుత్తేదారు ముందు నోరు విప్పితే రేపటినుంచి పని ఉండదని తలలు వంచుకున్నారు. ఒక్క భీమయ్య మాత్రం వంచలేదు. భీమయ్య పెద్దయ్య తమ్ముడు, అదే గనిలో రాయి కొట్టేవాడు. నేరుగా మొగులప్ప కొట్టుకు వచ్చాడు.

"అన్నా, గనిల నువ్వు తీసిన ఫోటో పేపర్ల ఎయ్యి. స్తంభం కొట్టిచ్చిండని అందరికి ఎరుక కావాలె."

"మీ వదినెకు ఒట్టేసిన భీమయ్యా."

"వదినె ఏడుస్తది, నిజమే. గాని రేపు గా బండ కిందికి పోయేది నేను గదన్నా! ఇంక మూడు స్తంభాలు కొట్టిచ్చిండు. పైనంత నెర్రె వడ్డది. గా బండ ఆగెటట్టు లేదు."

మొగులప్పకు మింగలేక కక్కలేక అయిపోయింది. ఇటు ఒట్టు, అటు ఒక నిండు ప్రాణం. అదే సాయంత్రం కిష్టప్ప పంతులు చీటీ కూడా వచ్చింది. వార్త రాసి పంపాను, ఫోటో వెంటనే పంపు, మార్చకుండా పంపు అని. మొగులప్ప బల్ల మీద రెండు ఫోటోలు పెట్టుకుని కూర్చున్నాడు. ఒకటి గనిలోది. రెండోది కుర్చీలోది. కుర్చీలో ఫోటోకు అప్పటికే కళ్ళు దిద్దాడు. చెంప మీద గీతలు పెన్సిలుతో పూడ్చాడు. రుమాలు కింద నుంచి కారిన మరక కనబడకుండా చేశాడు. నిజం చెప్పాలంటే అంతటి పని అతను జన్మలో చేయలేదు. పెద్దయ్య రాజులా కూర్చున్నాడు.

మెత్తటి మనుషులు ఎప్పుడూ చేసే పనే చేశాడు. నడిమి దారి పట్టాడు. కుర్చీలో ఫోటో రైలు గార్డు చేతికిచ్చి నేరుగా హైదరాబాదు పత్రికకే పంపాడు. వార్తలో గని సంగతి ఎలాగూ ఉంటుంది, ఫోటోలో పెద్దయ్య మొహం ఉంటుంది, ఒట్టు తప్పలేదు, భీమయ్య మాటా పోలేదు అనుకున్నాడు. తన చేతిపని పత్రికలో పడుతుందన్న సంబరం కూడా మనసులో ఏ మూలో ఉంది. ఉంటే ఉందని ఒప్పుకోవాలి, దాచి ఏం లాభం?

ఫోటో పడింది. గుత్తేదారు ఆ పత్రిక ఇరవై కాపీలు కొన్నాడు.

వారం తిరగకుండా హైదరాబాదు నుంచి ఒక అధికారి విచారణకు వచ్చి గని పక్క ఊరి చావడిలో కూర్చున్నాడు. గుత్తేదారు పత్రిక తెరిచి ఆయన ముందు పరిచాడు.

"మీరే చూడండి సార్. గంత పెద్ద బండ మీద వడ్డ మనిషి గిట్ల ఉంటడా? మొకం మీద ఒక్క గీత లేదు. జ్వరమొచ్చి ఇంట్ల పోయిండంటె ఎవ్వలు నమ్మరైతిరి."

అధికారి మొగులప్పను పిలిచాడు. "ఈ ఫోటో నువ్వు తీసిందేనా? ఎప్పుడు తీశావు?"

"నేనే సార్. పాణం పోయినంక తీసిన."

"చచ్చినవాడు కళ్ళు తెరిచి చూస్తున్నాడా?"

చావడిలో గుత్తేదారు మనుషులు పకపకా నవ్వారు.

"కండ్లు నేను దిద్దిన సార్. మా దిక్కు గట్ల దిద్దుతం."

"ఇంకేం దిద్దావు?"

"చెంప మీద గీతలు... రుమాలు కింద మరక..."

"అన్నీ నువ్వే దిద్దితే ఇందులో నిజమేముంది మరి?" అధికారి విసుగ్గా పత్రిక మడిచాడు. తర్వాత, ఏమనుకున్నాడో, తల ఎత్తి సూటిగా అడిగాడు. "నీ దగ్గర వేరే ఫోటో ఏదైనా ఉందా?"

ఉంది. కొట్టులో రేకుపెట్టెలో, అడుగున, కాగితంలో చుట్టి ఉంది. సైకిలు మీద వెళ్తే అరగంటలో తేవచ్చు. మొగులప్ప తల తిప్పి చూశాడు. గోడ దగ్గర శాంతవ్వ కొంగు నోట్లో కుక్కుకుని అతని వైపే చూస్తోంది. ఆమె పక్కన భీమయ్య, అతను కూడా చూస్తున్నాడు; అన్న గనిలోనే పోయాడని అతను చెప్పిన మాటను అధికారి అప్పటికే తోడబుట్టినవాడి మాటని కొట్టిపారేశాడు. ఎదురుగా గుత్తేదారు ఉన్నాడు, అతనికి తాండూరులో తెలియని మనిషి లేడు, చేయించలేని పని లేదు.

"లేదు సార్" అన్నాడు మొగులప్ప.

ఒట్టు కోసం అన్నాడా, భయపడి అన్నాడా? ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు తనను తాను ప్రశ్నించుకున్నా అతనికే తేలలేదు. అధికారి జ్వరంతో పోయాడని రాసుకుని సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. గని మామూలుగా నడిచింది. భీమయ్య చావడి మెట్లు దిగి, మొగులప్ప పక్కనుంచే ఎరగనివాడిలా వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. వారం రోజులు ఇంట్లో కూర్చుని, పిల్లలకు జొన్న గటక కూడా లేని రోజు, ఉలి సంచీ భుజాన వేసుకుని మళ్ళీ ఆ గనిలోకే దిగాడు. వేరే పని ఎక్కడుంది గనక?

ఆ రోజు నుంచి మొగులప్పకు అన్నం సయించలేదు. మబ్బు పట్టినప్పుడల్లా కొట్టు ముందుకు వచ్చి గని ఉన్న పడమటి దిక్కు చూసేవాడు. "గట్ల పరేషాన్ అయితె ఏమొస్తది? గా ఫోటో పంపరాదు" అని సత్యమ్మ రెండుసార్లు అంది. రేపు పంపుతా అన్నాడు. మిరుగు కార్తె దాటింది. మొదటి పెద్దవాన రాత్రంతా కురిసి పొద్దునకు వెలిసింది. నెర్రెల్లోకి నీళ్ళు దిగాయి. తొమ్మిది గంటలకు బండ కూలింది.

ఈసారి కబురు తెచ్చినవాడు పేరు చెప్పకముందే మొగులప్ప "భీమయ్యనా?" అని అడిగాడు.

గనికి వెళ్ళేసరికి శవం మీద ఎవరో గొంగడి కప్పారు. పక్కన శాంతవ్వ కూర్చుని ఉంది. ఈసారి ఏడవడం లేదు. మొగులప్పను చూసి లేచింది. వంగి, తన చేత్తోనే గొంగడి తీసి అవతల పడేసింది.

"తియ్యి" అంది.

అతను వంగి గొంగడి మళ్ళీ కప్పబోయాడు.

"తియ్యన్నా. ఎట్లున్నదో గట్లనే తియ్యి. గా ముందటిది గూడ పంపు. నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన."

మొగులప్ప తీశాడు. ఆ మధ్యాహ్నం రైలుకు తానే వికారాబాదు వెళ్ళి కిష్టప్ప పంతులు చేతిలో రెండు ఫోటోలూ పెట్టాడు. పంతులు వాటిని పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. రెండింటిలోనూ అదే గోడ, కొట్టేసిన అదే స్తంభం మొదలు.

"గీ మొదటిది ఎన్నడు తీసినవ్?"

"పెద్దయ్య పోయిన్నాడు."

"మూడు నెలలు పెట్టెల పెట్టుకున్నవా!" పంతులు బల్ల మీద గట్టిగా కొట్టాడు. "ఉన్నది ఉన్నట్టు పంపమంటిని గద మొగులప్పా! గది నేనేదో షోకుకు చెప్పిన్ననుకున్నవా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం మిగులుతుంది? రెండు ఫోటోలూ పత్రికలో పడ్డాయి. ఈసారి వేరే అధికారి వచ్చాడు, ఫోటోలు చేత్తో పట్టుకుని గనిలోకి దిగి చూశాడు. గని మూతపడింది. గుత్తేదారు మీద కేసు నడిచింది. జనం వచ్చి మొగులప్పను మెచ్చుకున్నారు. మెచ్చుకున్నప్పుడల్లా అతను లేచి కొట్టు లోపలికి వెళ్ళిపోయేవాడు.

ఆ తర్వాత ఎవరి శవానికీ అతను కళ్ళు దిద్దలేదు. ఫోటో తీసేవాడు, మూసిన కళ్ళతోనే ఇచ్చేవాడు. బతిమాలినవాళ్ళు ఉన్నారు, తిట్టినవాళ్ళు ఉన్నారు, వాడికి పేపర్ల పేరొచ్చేసరికి కొమ్ములొచ్చినయ్ అన్నవాళ్ళూ ఉన్నారు. సత్యమ్మ మాత్రం కుంచెలు కడిగి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టేసింది.

ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం శాంతవ్వ కొట్టుకు వచ్చింది. కొంగు కింద పెద్దయ్య ఫోటో, అద్దం కట్టించిన ఫ్రేముతో సహా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"అన్నా, గీ కండ్లు మూసియ్యి."

మొగులప్పకు అర్థం కాలేదు.

"గోడ మీద నుంచి పొద్దుమాపు నన్నే సూస్తుంటయ్. గిట్ల మా ఆయన సూడలె. గివి ఆయన కండ్లు గావు. నాకొద్దు. మూసియ్యి."

అతను ఫ్రేము వెనక మేకులు విప్పి ఫోటో బయటికి తీశాడు. గిన్నెలో నీళ్ళు తెచ్చి, దూది తడిపి, ముందు కుడికన్ను మీద అద్దాడు. తెల్లచుక్క కరిగింది. నల్లగుడ్డు చెదిరి దూదికి అంటింది. దాని కింద నుంచి పెద్దయ్య మూసిన రెప్ప మెల్లగా బయటపడింది. తర్వాత ఎడమకన్ను. ఎన్నో ఇళ్ళలో మెప్పు తెచ్చిన పని అది, పోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తుడుస్తున్నంతసేపూ అతను తల ఎత్తలేదు.

శాంతవ్వ ఫోటో చేతిలోకి తీసుకుంది. తడి ఆరేదాకా ఊదింది. మూసిన కళ్ళ మీద వేలితో రాసింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

"గిప్పుడు మా ఆయనే" అంది.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగింది. గొంతులో కోపం లేదు, అదే మొగులప్ప తట్టుకోలేకపోయాడు.

"సూపియ్యకు అని నేనే అన్న. మొగడు సచ్చినదాన్ని, ఏమన్న అంట. నేను గప్పుడు గా గని సూడలె, బండ సూడలె, నెర్రె సూడలె. నువ్వు సూసినవ్ గదన్నా. అన్ని సూసినోడివి, నా మాట ఎందుకు విన్నవ్?"

బస్సు హారన్ వినబడగానే ఫోటోను కొంగు కింద దాచుకుని వెళ్ళిపోయింది.